కొత్త షూ వేసినా బ్రేకు ఎందుకు పట్టదు?

పాత మోటారు సైకిలును బాగు చేయించుకున్నవారు మెకానిక్కును తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: షూలు కొత్తవి, స్ప్రింగులు కొత్తవి, కేబులు కొత్తది, అయినా బండి మునుపటికంటే ఆలస్యంగా ఎందుకు ఆగుతోంది? ప్రశ్న సహజమైనదే. పిస్టను రింగులు మారిస్తే ఇంజనుకు బలం వస్తుంది, బల్బు మారిస్తే వెలుగు వస్తుంది, కనుక అరిగిన బ్రేకు భాగాన్ని మారిస్తే పట్టు కూడా ఆ రోజే తిరిగి రావాలని ఎవరైనా అనుకుంటారు. బ్రేకు విషయంలో ఆ లెక్క కుదరదు. పట్టు అనేది షూలో గాని డ్రమ్ములో గాని విడిగా దాగి ఉండే గుణం కాదు. ఆ రెండూ ఒకదానిమీద ఒకటి ఎంత మేర, ఎంత సమంగా ఆనుతున్నాయన్నదాన్ని బట్టి అది పుడుతుంది, ఆ ఆనిక చెడితే పోతుంది.

తెలుగునాట పునరుద్ధరణకు వచ్చే పాత బళ్ళలో ఎక్కువ భాగం మూడు కుటుంబాలకు చెందినవి. 1955లో మద్రాసు మోటార్స్ సంస్థ ఇంగ్లండులోని రాయల్ ఎన్‌ఫీల్డ్‌తో కలిసి స్థాపించిన ఎన్‌ఫీల్డ్ ఇండియా, మద్రాసు శివారు తిరువొత్తియూరులో తయారుచేసిన బుల్లెట్ మొదటిది. మైసూరులో 1960లో మొదలై, 1973 నుంచి యెజ్డీ అనే పేరు పెట్టుకుని, 1996లో మూతపడిన ఐడియల్ జావా బళ్ళు రెండోవి. ఎస్కార్ట్స్ సంస్థ తెచ్చిన రాజ్‌దూత్ మూడోది. వీటి పాత నమూనాలన్నిటికీ ఉన్నది డ్రమ్ బ్రేకే. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బళ్ళన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి కావడంతో, వేలి ఒత్తిడికే ఆగే బండికి అలవాటుపడిన తరం ఇప్పుడు తాతల కాలపు బుల్లెట్ ఎక్కి దాని బ్రేకు మొద్దుగా ఉందని తేల్చేస్తోంది. నిజానికి సరిగా అమర్చిన డ్రమ్ బ్రేకు ఆ బండి వేగానికి, బరువుకు సరిపడా పనిచేస్తుంది. సరిగా అమర్చడం అంటే ఏమిటో తెలియాలంటే అది చేసే పని ఏమిటో మొదట తెలుసుకోవాలి.

వేగం ఎక్కడికి పోతుంది?

కదులుతున్న బండిలో ఉండే శక్తిని గతిశక్తి అంటారు. బండి ఆగినంత మాత్రాన ఆ శక్తి మాయం కాదు, వేడిగా మారుతుంది. వేగాన్ని వేడిగా మార్చి, ఆ వేడిని గాలికి అప్పగించడమే బ్రేకు పని. మనిషితో కలిపి సుమారు 240 కిలోల బరువుండే పాత బుల్లెట్ గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ఉన్నప్పుడు దాని గతిశక్తి దాదాపు 33 వేల జౌళ్ళు ఉంటుంది. మామూలు గది వేడిమిలో ఉన్న నీటిని 100 మిల్లీలీటర్లకు పైగా మరిగే దశకు తేగలిగినంత వేడి అది, ఒక్కసారి పూర్తిగా ఆగినప్పుడు పుట్టేది. వేగం రెట్టింపైతే ఈ శక్తి నాలుగింతలవుతుంది. 40 కిలోమీటర్ల వేగంలో చక్కగా పట్టిన బ్రేకు 80లో చేతకానిదిగా అనిపించడానికి కారణం ఇదే.

డ్రమ్ము అంటే చక్రంతోపాటు తిరిగే పోత ఇనుప వలయం. దాని లోపల కదలని ఒక పళ్ళెం మీద అర్ధచంద్రాకారపు షూలు రెండుంటాయి. వాటి వీపున ఘర్షణ పట్టీ, అంటే మెకానిక్కులు లైనర్ అని పిలిచేది, అతికించి గాని రివెట్లతో బిగించి గాని ఉంటుంది. లీవరు నొక్కినప్పుడు కేబులు ఒక చిన్న మీటను లాగుతుంది, ఆ మీట కేమ్ అనే పలక లాంటి కడ్డీని తిప్పుతుంది, కేమ్ తిరిగి షూల చివరలను విడదీసి డ్రమ్ము లోపలి గోడకు అదుముతుంది. పుట్టిన వేడిలో ఎక్కువ భాగం ఇనుములోకే వెళుతుంది. ఇనుము వేడెక్కితే వ్యాకోచిస్తుంది కనుక డ్రమ్ము షూల నుంచి దూరంగా జరుగుతుంది. ఆరంగుళాల డ్రమ్ము వేడిమి 150 డిగ్రీలు పెరిగితే దాని వ్యాసం సుమారు పావు మిల్లీమీటరు పెద్దదవుతుంది. అందుకే దీర్ఘమైన దిగుడులో లీవరు హ్యాండిలుకు క్రమంగా దగ్గరవుతూ వస్తుంది. దీనికి తోడు, లైనరు లోపలి పదార్థాన్ని కలిపి పట్టి ఉంచే జిగురు మితిమీరి వేడెక్కినప్పుడు ఘర్షణే తగ్గుతుంది. ఈ పట్టు సడలడాన్నే ఫేడింగ్ అంటారు. గోదావరి డెల్టా నేల చదునైనది కావడంవల్ల రావులపాలెం నుంచి అమలాపురం వరకు వెళ్ళినా ఇది అనుభవానికి రాదు. రంపచోడవరం దాటి మారేడుమిల్లి ఘాటు దిగి చింతూరు వైపు వెళ్ళే బండికి మాత్రం తప్పకుండా వస్తుంది. డెల్టాలో బాగు చేసిన బండిని డెల్టాలోనే పరీక్షించి తృప్తిపడటంలో ఉన్న ప్రమాదం ఇక్కడ ఉంది.

రెండు వలయాలు ఒకటి కావాలి

అసలు ప్రశ్నకు జవాబు జ్యామితిలో ఉంది. ఏళ్ళ తరబడి తిరిగిన డ్రమ్ము లోపలి గోడ అరిగి దాని వ్యాసం పెరుగుతుంది. కొత్త షూ మాత్రం కర్మాగారపు కొలతకు తయారవుతుంది. పెద్ద వలయంలో చిన్న వలయపు ముక్కను అదిమితే అది నడుమ భాగంలో మాత్రమే ఆనుతుంది, రెండు చివర్లా సందు మిగులుతుంది. డ్రమ్ము వ్యాసం ఒక మిల్లీమీటరు పెరిగితే షూ చివర్లలో మిగిలే సందు ఒక మిల్లీమీటరులో అయిదో వంతుకు అటూ ఇటూగా ఉంటుంది. చూపుకు ఆనని ఆ సందు చాలు, లైనరులో సగభాగం పనిలేకుండా పోవడానికి. ఆనిన కొద్ది భాగం మీదే వేడంతా పడి, అక్కడి పదార్థం మాడి గాజులా నున్నబడుతుంది, నున్నబడిన లైనరు జారుతుంది. పాత షూలు పలచబడి ఉన్నా డ్రమ్ముతో కలిసి అరిగినవి కాబట్టి పూర్తి వెడల్పున ఆనేవి. కొత్తవి మందంగా ఉన్నా ఆనవు. మునుపటికంటే ఆలస్యంగా ఆగుతోందన్న ఫిర్యాదుకు మూలం ఇదే, అందులో యజమాని భ్రమ ఏమీ లేదు.

దీనికి మార్గం షూను డ్రమ్ముకు తగినట్టు తిప్పించడం. మొదట డ్రమ్ము లోపలి వ్యాసాన్ని కనీసం మూడు దిక్కుల్లో, లోతులో రెండు చోట్ల కొలవాలి. కొలతలు ఒకదానితో ఒకటి కలవకపోతే డ్రమ్ము గుండ్రదనం పోయినట్టే, షెడ్డు భాషలో ఓవల్ అయినట్టే; అలాంటి బండిమీద బ్రేకు పట్టినప్పుడు లీవరు వేళ్ళకింద కొట్టుకుంటూ ఉంటుంది. తెరిచిన అంచు దగ్గర వ్యాసం ఎక్కువై, లోపలికి పోయేకొద్దీ తగ్గడం మరో రకం అరుగుదల. ఈ రెండు దోషాలనూ లేతు మీద డ్రమ్మును పలచగా చెక్కి సరిచేస్తారు, తయారీదారు పెట్టిన హద్దు దాటకుండా. గోడ మరీ పలచబడితే వేడిని దాచుకునే ఇనుము తగ్గిపోయి, ఒత్తిడికి డ్రమ్మే వెడల్పవడం మొదలవుతుంది. ఆ తరువాత, మామూలుకంటే మందమైన లైనరు వేయించిన షూలను వాటి పళ్ళెం మీదే అమర్చి, కేమ్ దగ్గర సన్నని రేకు పెట్టి కాస్త విడదీసి, పళ్ళేన్ని లేతుకు బిగించి, డ్రమ్ము వ్యాసం కంటే వెంట్రుకవాసి తక్కువగా తిప్పుతారు. వరి మిల్లుల షాఫ్టులు, బోటు ఇంజన్ల భాగాలు తిప్పే అలవాటున్న లేతు పనివారికి ఇది కష్టమైన పని కాదు, చేయించమని అడిగేవారే తక్కువ.

పునరుద్ధరణలో పనుల వరుస ఇక్కడ చాలా ముఖ్యం. డ్రమ్మూ హబ్బూ ఒకే పోతగా ఉండి చువ్వలు నేరుగా దానికే తగిలే చక్రాల్లో, బిగించిన ప్రతి చువ్వా హబ్బును తన వైపు లాగుతుంది. డ్రమ్మును ముందుగా చెక్కించి, ఆపైన కొత్త రిమ్ము, కొత్త చువ్వలు వేయించి చక్రం బెండు తీయిస్తే, ఆ లాగుడుకు గుండ్రంగా చెక్కిన డ్రమ్ము తిరిగి వంకరపోతుంది. కనుక చువ్వలు బిగించి, చక్రం నిలువు సరిచూసి, ఆ చక్రం మొత్తాన్నీ లేతుకు ఎక్కించి డ్రమ్మును చివరగా చెక్కించాలి. 19 అంగుళాల బుల్లెట్ చక్రం తిరిగేంత జాగా ఉన్న లేతు ప్రతి ఊళ్ళోనూ దొరకదు, అయినా వెతికి పట్టుకోవలసిందే. క్రోమియం మెరుపు కోసం హైదరాబాదు దాకా రిమ్ములు పంపేవారు ఈ ఒక్క పనికి పక్క ఊరు వెళ్ళడానికి వెనుకాడటం విచారించవలసిన విషయం.

పాత బుల్లెట్ వెనక చక్రంలో మరో విశేషం ఉంది. గొలుసు తగిలే పళ్ళ చక్రమూ బ్రేకు డ్రమ్మూ ఒకే ముక్కగా పోతపోసి ఉంటాయి. పళ్ళు అరిగి చైను సెట్టు మార్చిన రోజున డ్రమ్ము కూడా మారిపోతుంది, డ్రమ్ముకు గీతలు పడి మార్చిన రోజున చైను సంగతి కూడా చూడవలసి వస్తుంది. చైను కోసమని కొత్త ముక్క వేసి పాత షూలనే ఉంచేస్తే, ఇంతకు ముందు చెప్పిన దోషం తిరగబడి వస్తుంది: పెద్ద వలయానికి అలవాటుపడిన షూ చిన్న వలయంలోకి వచ్చి రెండు చివర్లే తగిలి, నడుమ సందు మిగిలి, కీచుమంటూ ఉన్నట్టుండి పట్టేస్తుంది.

ఎదురుపట్టు, వెంటజారు

ఒకే డ్రమ్ములోని రెండు షూలూ ఒకేలా పనిచేయవు. చేతికర్ర మొనను ముందువైపు నేలకు ఆనించి నడిస్తే అది నేలలో గుచ్చుకుని అరచేతిని వెనక్కి నెడుతుంది, నడక ఎంత జోరైతే అంత గట్టిగా దిగబడుతుంది. అదే కర్రను వెనక్కి వాల్చి ఈడ్చుకుంటూ నడిస్తే ఏ అడ్డూ పెట్టకుండా జారుతూ వస్తుంది. కర్ర అదే, నేల అదే, చేతి బలమూ అదే. మారింది నేల కదిలే దిక్కుకు కర్ర ఎదురుగా ఉందా, వెంట ఉందా అన్నదే. డ్రమ్ములోనూ అంతే. షూకు ఒక చివర కదలని కీలు ఉంటుంది, రెండో చివర కేమ్ ఉంటుంది. డ్రమ్ము కేమ్ వైపు నుంచి కీలు వైపుకు తిరుగుతున్నప్పుడు ఘర్షణ ఆ షూను మరింతగా గోడలోకి లాగుతుంది, చేతి బలానికి డ్రమ్ము తన బలాన్ని కలుపుతుంది. దాన్ని ఎదురుపట్టు షూ అనవచ్చు. మెకానిక్కులు లీడింగ్ షూ అంటారు. రెండోదాన్ని ఘర్షణ గోడ నుంచి బయటికి నెడుతుంది. అది వెంటజారు షూ, అంటే ట్రెయిలింగ్ షూ. కొత్త జతలో పట్టు ఎక్కువ భాగం మొదటి షూ నుంచే వస్తుంది; అది ముందుగా అరగడంతో కేమ్ ఒత్తిడి క్రమంగా రెండోదాని మీదికి మారుతుంది. కొన్నాళ్ళకు బ్రేకు చురుకు కాస్త తగ్గినట్టు అనిపించడానికి ఇదొక కారణం. షూలను ఎప్పుడూ జతగానే మార్చాలనడానికీ ఇదే ఆధారం.

రెండు షూలనూ ఎదురుపట్టు షూలుగా మార్చాలంటే రెండు కేమ్‌లు కావాలి. ఎస్కార్ట్స్ 1983లో యమహా నమూనాపై తెచ్చిన రాజ్‌దూత్ ఆర్‌డీ 350 ముందు చక్రానికీ, తరువాతి కాలపు కొన్ని బుల్లెట్లకూ ఉన్నది ఈ ఏర్పాటే. ఇందులో రెండు కేమ్ మీటలనూ ఒక లింకు రాడ్డు కలుపుతుంది. ఆ రాడ్డు పొడవు కొద్దిగా తప్పినా ఒక షూ గోడను తాకిన తరువాత గాని రెండోది కదలదు, రెండు కేమ్‌లు పెట్టిన ప్రయోజనం పోతుంది. అందుకే రాడ్డును విప్పి, ఒక్కొక్క మీటను చేత్తో తిప్పి, షూ తాకే చోటును గుర్తుపెట్టుకుని, రెండూ ఒకే క్షణాన తాకేలా పొడవు సరిచేసి బిగించాలి. ఈ ఏర్పాటులో మరో సంగతి ఉంది: బండి వెనక్కి జారుతున్నప్పుడు రెండు షూలూ వెంటజారువే అవుతాయి. నరసాపురం రేవులో పంటు ఎక్కేందుకు ఏటవాలు మీద నిలిపిన బండి ముందు బ్రేకును మాత్రమే నమ్ముకుంటే వెనక్కి జారవచ్చు.

ఉప్పుగాలి, ఒండ్రు నీరు

పోత ఇనుముకు తేమ గిట్టదు. డెల్టాలో వానాకాలపు రాత్రి ఆరుబయట నిలిపిన బండి డ్రమ్ములో తెల్లారేసరికి తుప్పు పొర ఏర్పడి, ఉదయం మొదటిసారి బ్రేకు పట్టినప్పుడు కీచుమని గట్టిగా పట్టేస్తుంది. రెండు మూడు సార్లు పడితే ఆ పొర రాలిపోయి సర్దుకుంటుంది. ఇందులో భయపడవలసిందేమీ లేదు. భయపడవలసింది కంటికి కనిపించని చోట, లైనరుకూ షూ లోహానికీ నడుమ చేరే తుప్పు విషయంలో. లోహం తుప్పుపట్టినప్పుడు దాని పరిమాణం పెరుగుతుంది, పెరిగి అతికించిన లైనరును కింది నుంచి పైకి లేపుతుంది. అంతర్వేది నుంచి భీమవరం చెరువుల దాకా ఉప్పు కలిసిన గాలి ఈ పనిని వేగిరపరుస్తుంది. అసలు కంపెనీ సరుకు అని చెప్పి దశాబ్దాల కిందటి పెట్టెలోంచి తీసి అమ్మే షూలను పునరుద్ధరణ ప్రియులు ఎక్కువ ధర ఇచ్చి కొంటారు. పెట్టెమీద ముద్ర ఎంత అందంగా ఉన్నా లోపలి జిగురు వయసు దాచుకోదు, ఊడిన లైనరు డ్రమ్ములో అడ్డుపడితే చక్రం ఒక్కసారిగా బిగుసుకుపోతుంది. అలాంటి షూలకు పాత లైనరు ఒలిపించి, లోహం శుభ్రం చేయించి, కొత్తది అతికించి, కొలిమిలో పట్టు ఎక్కించి వాడటమే క్షేమం.

వరద నీటిలో మునిగిన బండి సంగతి వేరు. 1986 ఆగస్టులోనూ 2022 జులైలోనూ గోదావరికి వచ్చినంతటి వరదల్లో లంక గ్రామాల్లో నీరు రోజుల తరబడి నిలుస్తుంది, తీసిన తరువాత మెత్తని ఒండ్రు మిగులుతుంది. ఆ ఒండ్రులోని సన్నని ఇసుక డ్రమ్ములో చేరి, ప్రతి బ్రేకుకూ గోడను చెక్కుతుంది, లైనరులో గుచ్చుకుని అక్కడే ఉండిపోయి కొత్త గోడను కూడా గీస్తుంది. అలాంటి బండికి డ్రమ్ము విప్పి కడగనిదే ఒక్క కిలోమీటరు కూడా నడపకూడదు. వాన నీరు మాత్రమే తగిలిన బ్రేకును, లీవరును తేలికగా నొక్కి ఉంచి కొద్ది దూరం నడిపితే ఆ వేడికే ఆరిపోతుంది.

నూనె పడిన లైనరు ఇంకొక దోషం. బేరింగు గ్రీజు గాని చైను నూనె గాని పీల్చుకున్న లైనరును పెట్రోలుతో కడిగి, మంటమీద కాల్చి వాడేవారున్నారు. పైన ఆరినట్టు కనిపించినా లోపలి నూనె వేడెక్కిన ప్రతిసారీ పైకి వస్తూనే ఉంటుంది. దాన్ని పారేయవలసిందే, నూనె కారే సీలును మార్చిన తరువాతే కొత్తది వేయవలసిందే.

పాత లైనరులోని ధూళి

హెర్బర్ట్ ఫ్రూడ్ అనే ఆంగ్లేయుడు 1897లో గుర్రపు బళ్ళకు ఘర్షణ దిమ్మెలు తయారుచేస్తూ మొదలుపెట్టిన పరిశ్రమే ఫెరోడో సంస్థగా ఎదిగింది. తరువాతి దశాబ్దాల్లో ప్రపంచమంతటా బ్రేకు లైనర్లలో ఆస్బెస్టాస్ చేరింది. వేడిని తట్టుకునే ఆ రాతినారకు మరో గుణం ఉంది: దాని సన్నని పోగులు ఊపిరితిత్తుల్లో చేరితే బయటికి పోవు, ఇరవై ముప్ఫయి ఏళ్ళ తరువాత కూడా కాన్సరుకు దారితీయగలవు. పాత బండి డ్రమ్ము తెరిచినప్పుడు కనిపించే బూడిద రంగు పొడిలో అది ఉండవచ్చు. నోటితో ఊదడం, కంప్రెసరు గాలి కొట్టడం, పొడిబట్టతో దులపడం, ఈ మూడూ మన షెడ్లలో నిత్యం జరిగేవే, మూడూ మానవలసినవే. తడిపిన బట్టతో తుడిచి, ఆ బట్టను సంచిలో మూటగట్టి పారేయాలి. ఇలాంటి పని రోజూ చేసేది ఎక్కువగా పదిహేను పదహారేళ్ళ కుర్రవాళ్ళు కనుక యజమానులు దీన్ని తమ బాధ్యతగా తీసుకోవాలి.

బిగింపు, అరగదీత

షూలు సిద్ధమైన తరువాత డ్రమ్ము లోపలి గోడకు సుద్దముక్క రుద్ది, అన్నీ అమర్చి, చక్రాన్ని తిప్పుతూ బ్రేకు తేలికగా పట్టి విప్పి చూడాలి. సుద్ద అంటిన చోట లైనరు ఆనుతోంది, అంటని చోట ఆనడం లేదు. ఎత్తుగా ఉన్న చోట్లను ఆకురాయితో తీసి, మచ్చ చివరి నుంచి చివరి దాకా పరుచుకునే వరకు ఇదే పని చేయాలి. షూ మొదటి అంచును కాస్త ఏటవాలుగా తీస్తే అది గోడను గీరకుండా ఉంటుంది. కేమ్ కడ్డీకి వేడికి కరగని గ్రీజు పలచగా మాత్రమే రాయాలి.

షూల పళ్ళెం ఇరుసు మీద కొద్దిగా కదిలే వీలుంటుంది కనుక అది డ్రమ్ముకు సరిగ్గా నడుమ కూర్చోవాలి. ఇరుసు నట్టును కాస్త వదులు చేసి, చక్రాన్ని తిప్పి, బ్రేకును గట్టిగా పట్టి, ఆ పట్టు విడవకుండానే నట్టు బిగిస్తే షూలు తమ కేంద్రాన్ని తామే వెతుక్కుంటాయి. ఒక్క నిమిషం పట్టే ఈ పని వల్ల వచ్చే తేడా, కొత్త కేబులు వల్ల వచ్చేదానికంటే చాలాసార్లు ఎక్కువగా ఉంటుంది. కేమ్ మీటను దాని పళ్ళ మీద సరైన స్థానంలో పెట్టడం మరో ముఖ్యమైన పని: బ్రేకు పూర్తిగా పట్టిన క్షణంలో మీటకూ కేబులుకూ నడుమ లంబకోణం ఉండాలి, అప్పుడే చేతి బలం వృథా కాకుండా కేమ్‌కు చేరుతుంది. పళ్ళెం చక్రంతోపాటు తిరిగిపోకుండా పట్టి ఉంచే ఆనిక కడ్డీ బిగింపును రెండోసారి చూసి గాని బండి కదపకూడదు; అది ఊడితే పళ్ళెం గిరగిరా తిరిగి కేబులునో రాడ్డునో చుట్టుకుని చక్రాన్ని ఆపేస్తుంది.

ఇంత చేసినా మొదటి రోజున పూర్తి పట్టు రాదు. కొత్త లైనరు పైపొర గోడతో పొందిక కుదుర్చుకునే దాకా, కొన్ని వందల కిలోమీటర్ల పాటు, ఖాళీగా ఉన్న కాలువగట్టు రోడ్డు మీద నడివేగం నుంచి మెల్లగా, పూర్తిగా ఆగకుండా బ్రేకు పడుతూ, ఒక పట్టుకూ మరో పట్టుకూ నడుమ డ్రమ్ము చల్లారనిస్తూ నడపాలి. కోతల కాలంలో ఆ రోడ్లమీదే ధాన్యం, గడ్డి ఆరబోస్తారు కనుక ఆ రోజుల్లో ఈ పని వేరే చోట పెట్టుకోవాలి. ఈ దశలో లైనరు త్వరగా అరుగుతుంది, లీవరు ఆట పెరుగుతుంది, రెండు మూడుసార్లు సర్దవలసి వస్తుంది. ఆ తరువాత చక్రం మరొక్కసారి విప్పి లైనరును చూడాలి. మెరుపు లేని ముదురు మచ్చ రెండు షూల మీదా అంచు నుంచి అంచు దాకా ఒకే తీరుగా పరుచుకుని ఉంటే బండిని మారేడుమిల్లి ఘాటుకు తీసుకెళ్ళవచ్చు. మచ్చ నడుమనే ఆగిపోయి ఉంటే షూలు మళ్ళీ లేతు మీదికి వెళ్ళాలి.